ఎడమ వైపు పసుపు గీతలు

శనివారం ఉదయం ఎనిమిదింటికి డోరీన్ వంటింటి కిటికీ తెరిచి గ్యారేజి వైపు కేకేసింది.

"ట్రెవర్, బేకన్ చల్లారిపోతోంది. ఇంకో రెండు నిమిషాలు చూస్తాను. తర్వాత పక్కింటి కుక్కకి పెట్టేస్తాను."

"వస్తున్నా" అని గ్యారేజిలోంచి జవాబు వచ్చింది. ఆ ఇంట్లో ఆ మాటకి అర్థం అరగంట. నలభై ఆరేళ్ళ కాపురంలో అలాంటి అరగంటలన్నీ కలిపితే ఎన్నేళ్ళవుతాయో డోరీన్ ఒకప్పుడు లెక్కేసేది. ఇప్పుడు మానేసింది. ప్లేటు మీద ఇంకో ప్లేటు బోర్లించి, చేతికర్ర పట్టుకుని నెమ్మదిగా కుర్చీలో కూర్చుంది. అక్టోబరులో ఆమెకి తుంటి కీలు మార్చారు. నడక బాగానే ఉంది గానీ కూర్చోవడం, లేవడం ఇంకా ఒక పనే.

ట్రెవర్ బ్లాంచర్డ్‌కి డెబ్బై రెండేళ్ళు. లౌత్ ఊళ్ళో పొలం యంత్రాలు చేసే కార్ఖానాలో నలభై ఏళ్ళు ఫిట్టరుగా పనిచేసి రిటైరయ్యాడు. ఆయన గ్యారేజిలో డోరీన్ కారు ఏనాడూ నిలబడలేదు. అది పాపం ఎండకీ వానకీ వీధిలోనే ఉంటుంది. గ్యారేజిలో ఉండేది ట్రెవర్ సొంతంగా కట్టుకున్న రెండు సీట్ల కారు, ఇంట్లో అందరూ దాన్ని బండి అనే అంటారు. దానికి తలుపుల్లేవు, కప్పు లేదు, బరువు మామూలు కారులో సగం కూడా లేదు. ఇరవై రెండేళ్ళ కిందట పదకొండు పెట్టెల్లో విడిభాగాలుగా లారీలో దిగింది. ఇంజను మాత్రం తుక్కుకి పోతున్న ఒక పాత కుటుంబ కారులోంచి ఊడదీసి తెచ్చాడు. పదహారేళ్ళ కూతురు కెర్రీని పక్కన పెట్టుకుని, రెండున్నరేళ్ళు కూర్చుని, ఒక్కొక్క నట్టూ బిగించి దాన్ని కట్టాడు. మొదటిసారి చూసినవాళ్ళు స్నానం తొట్టికి చక్రాలు తగిలించారా అని అడుగుతారు. ఆ మాట ట్రెవర్ ముందు అన్నవాళ్ళకి రెండోసారి టీకి పిలుపు రాదు.

ఇంగ్లండు తూర్పు తీరాన మా లింకన్‌షైర్‌లో ఇలాంటి బండ్లు కట్టుకున్నవాళ్ళు చాలామందే ఉన్నారు. వాళ్ళందరికీ ఒక అలవాటుంది. టార్క్ రెంచి అని ఒకటుంటుంది, దాని మీద అంకె పెట్టి లాగితే సరిపడా బిగువు రాగానే టిక్కుమంటుంది. అలా టిక్కుమన్నాక ఆ నట్టు మీదుగా, వాషరు మీదుగా, కింది ఇనుము మీదికి సన్నగా ఒక పసుపు రంగు గీత గీస్తారు. నట్టు వదులైతే గీత తెగుతుంది. పొడుగు ప్రయాణానికి ముందు వంగి గీతలు చూసుకుంటే చాలు, మళ్ళీ రెంచి పట్టుకోనక్కర్లేదు. ట్రెవర్ ఇంట్లో దీనికి ఇంకో నియమం కూడా ఉంది. ఏ చెయ్యి బిగించిందో ఆ చెయ్యే గీత గియ్యాలి, అదీ టిక్కుమన్నాకే. ఈ నియమం దగ్గర ఆయన పరమ చండశాసనుడు.

ఎండాకాలం వేళలకని దేశమంతా గడియారాలు గంట ముందుకు జరిపే మార్చి ఆదివారం నాడు ఏటా బండి మొదటిసారి బయటికి వస్తుంది. ట్రెవర్ నడుపుతాడు, డోరీన్ ఎడమ పక్కన కూర్చుంటుంది, ఇద్దరూ సట్టన్ అనే ఊరి సముద్రపు ఒడ్డు దాకా వెళ్ళి, నూనెలో వేపిన బంగాళాదుంప చిప్స్ తిని వస్తారు. పందొమ్మిదేళ్ళుగా ఒక్క ఏడు కూడా తప్పలేదు. ఈసారి ఆ ఆదివారం రేపే. తుంటి బాగులేని భార్య అంత పల్లంలో ఉన్న సీట్లోకి దిగలేదని, ట్రెవర్ రెండంగుళాల ఎత్తు అల్యూమినియం దిమ్మలు నాలుగు కోసి పెట్టాడు. వాటిని సీటు కింద బిగించడానికే కెర్రీని రమ్మన్నాడు.

కెర్రీ తొమ్మిదింటికి వచ్చింది. ఆమెకిప్పుడు ముప్పై ఎనిమిది. పదహారు మైళ్ళ అవతల బస్సు డిపోలో వర్క్‌షాపు చూసుకుంటుంది. వస్తూనే వంటింట్లోకి తొంగి చూసి, తండ్రి ముట్టని బేకన్‌ని రెండు బ్రెడ్డు ముక్కల మధ్య పెట్టుకుని, తింటూ గ్యారేజిలోకి నడిచింది.

"అది నాది" అన్నాడు ట్రెవర్.

"కుక్కదని అమ్మ చెప్పింది."

"మీ అమ్మకి నాకంటే కుక్కే ఎక్కువ."

"కుక్క పిలవగానే వస్తుందిగా నాన్నా."

ట్రెవర్ నవ్వు ఆపుకుని స్పానరు అందించాడు. సీటు బోల్టులు బండి నేలలోంచి కిందికి దిగుతాయి. పైన ఒకరు తిప్పుతుంటే కింద ఇంకొకరు నట్టు కదలకుండా పట్టుకోవాలి. నాలుగు చక్రాల కిందా చెక్క దిమ్మలు పెట్టి ఉన్నాయి. కిందికి దూరడానికి మనిషికి సరిపడా ఖాళీ ఉంది. మామూలుగా అయితే కిందికి దూరే పని ట్రెవర్‌ది. ఈసారి ఆయన "నువ్వు కిందికెళ్ళు, నేను పైన చూసుకుంటా" అన్నాడు. కెర్రీ అదేమీ పట్టించుకోలేదు. అట్టముక్క పరుచుకుని వెల్లకిలా జారింది.

ఎడమ సీటు కింద ఆమె తలకి జానెడు దూరంలో వెనక చక్రాన్ని పట్టి ఉంచే ఇనుప ఆర్ములు కనిపిస్తున్నాయి. చలికాలంలో ట్రెవర్ వాటి కీళ్ళలో ఉండే రబ్బరు బుష్‌లన్నీ మార్చాడు. నట్ల మీద కొత్త పసుపు గీతలు స్కేలు పెట్టి గీసినట్టు ఉన్నాయి. తండ్రి చేతి పని చూస్తే కెర్రీకి ఇప్పటికీ ముచ్చటే. ఊరికే, ఏ ఆలోచనా లేకుండా, ఒక నట్టు కింది వాషరు మీద వేలు పెట్టింది.

వాషరు తిరిగింది. పసుపు గీత పెళుసుగా విరిగి రెండు ముక్కలైంది.

బిగించిన నట్టు కింద వాషరు తిరగదు. ఏనుగు లాగినా తిరగదు.

"నాన్నా, ఎడమ వైపు వెనక ఆర్ములు ఎప్పుడు బిగించావు?"

"ఫిబ్రవరిలో. గీత లేదూ?"

"గీత ఉంది."

"ఉంటే మరి అడగడమెందుకు? నట్టు పట్టుకో, తిప్పుతున్నా."

"గీత ఉంది గానీ, వాషరు వేలితో తిరుగుతోంది."

పైన స్పానరు చప్పుడు ఆగిపోయింది. కెర్రీ జేబులోంచి చిన్న స్పానరు తీసి ఒక్కొక్క నట్టు మీదా వేసి చూసింది. ఎడమ వైపు ఆరు నట్లు. ఆరూ రెండు వేళ్ళతో తోస్తే కదిలాయి. కుడి వైపుకి పాక్కుంటూ వెళ్ళి అక్కడి ఆరూ చూసింది. అవి రాయిలా ఉన్నాయి. ఆమె బయటికి వచ్చి, చేతులు తుడుచుకోవడం కూడా మర్చిపోయి, తండ్రి మొహంలోకి చూసింది.

"ఆరుకి ఆరూ వదులు. రేపు అమ్మని ఎక్కించుకుని ఎలా వెళ్దామనుకున్నావు?"

"ఎవరో తిప్పుంటారు."

"ఎవరు? పక్కింటి కుక్కా?"

"వెటకారాలు తర్వాత. నవంబరులో నువ్వే కదా బ్రేకు గొట్టం మారుస్తూ ఆ వైపు పడుకున్నావు."

"నవంబరులో పాత బుష్‌లున్నాయి నాన్నా. ఇవి నువ్వు ఫిబ్రవరిలో వేసినవి. రంగు కూడా ఫిబ్రవరిదే. గీత నీది."

"నాదే. నేను గీశానంటే బిగించానన్న మాటే. ఇరవై రెండేళ్ళలో ఒక్కటి చూపించు, నేను బిగించకుండా గీసింది."

"ఆరు చూపిస్తాను. కిందికి దూరి చూడు."

ట్రెవర్ కదల్లేదు. ఎడం చేత్తో స్పానరు పట్టుకుని సీటు వైపే చూస్తూ నిలబడ్డాడు. కెర్రీకి ఒళ్ళు మండింది. భయం వేసినప్పుడు ఆమెకి కోపమే ముందొస్తుంది. ఆ గుణం తండ్రిదే.

"నాకు పదిహేడేళ్ళప్పుడు గుర్తుందా?" అంది. "ముందు గీతలన్నీ గీసేసి తర్వాత బిగిద్దామనుకున్నాను. నువ్వు చూశావు. పన్నెండు నట్లూ విప్పించావు, రంగంతా గీకించావు, మళ్ళీ మొదట్నించీ చేయించావు. ఆ సాయంత్రం నా స్నేహితురాలి పుట్టినరోజు. నేను ఏడుస్తుంటే ఏమన్నావు? గీత అబద్ధమాడితే మనిషి చస్తాడన్నావు. ఆ మాట నేనింకా నా డిపోలో పిల్లలకి చెప్తున్నాను, తెలుసా?"

"తెలుసు."

"ఏం తెలుసు? బండి తాళం ఇటివ్వు. రేపు ఎక్కడికీ వెళ్ళేది లేదు."

"నా ఇంట్లో, నా గ్యారేజిలో, నా బండి తాళం నువ్వడుగుతున్నావా?"

గొంతులు వంటింటిదాకా వెళ్ళాయి. డోరీన్ ఒక చేత్తో కర్ర, ఇంకో చేత్తో టీ కప్పు పట్టుకుని గ్యారేజి గుమ్మంలోకి వచ్చింది. రెండో కప్పు తేవడానికి ఆమెకి మూడో చెయ్యి లేదు. అదెవరూ గమనించలేదు.

"ఏమిటీ గోల? వీధి మొత్తానికి వినిపిస్తోంది."

కెర్రీ రెండు ముక్కల్లో చెప్పింది. డోరీన్ కప్పుని బల్ల మీద పెట్టింది. ఆమె మొహంలో ఆశ్చర్యం లేదు. చాలా రోజులుగా ఎదురుచూస్తున్న కబురు వచ్చినట్టుగా ఉంది.

"రెగ్గీకీ ఇలాగే మొదలైంది" అంది నెమ్మదిగా. రెగ్గీ ట్రెవర్ అన్నయ్య. మతిమరుపు జబ్బు ముదిరి, చివరి రెండేళ్ళూ తమ్ముణ్ణి కూడా పోస్టు మనిషి అనుకుంటూ పోయాడు. "పొయ్యి ఆర్పలేదు, తలుపు వెయ్యలేదు అంటూ మొదలైంది. నాకు ఫిబ్రవరి నుంచీ అనుమానంగానే ఉంది కెర్రీ. ఏదడిగినా చిరాకు పడతాడు. రాత్రుళ్ళు నిద్రపోడు. మంచం మీద దొర్లుతూనే ఉంటాడు. డాక్టరు దగ్గరికి వెళ్దామంటే మీద పడతాడు."

"నేను రెగ్గీని కాను" అన్నాడు ట్రెవర్.

"మరి నిన్న రాత్రి ఏం తిన్నావు?" అంది కెర్రీ. అడిగాక తనకే సిగ్గేసింది.

"వేపిన చేప. బఠానీలు. మీ అమ్మ ఉప్పెయ్యడం మర్చిపోయింది. పరీక్ష ఆవిడకి పెట్టు." ట్రెవర్ గొంతు పెరిగింది. "ఇంకేం కావాలి? కింది ఆర్ముకి అరవై, పై ఆర్ముకి నలభై, చక్రం నట్లకి యాభై అయిదు. డిఫరెన్షియల్‌కి నలభై ఎనిమిది. ఇంజను హెడ్డుకి మూడు విడతల్లో, మొదట ముప్పై. ఆ ఎడమ వైపు బోల్టులు బుధవారం నాడు వచ్చాయి, వాన పడుతోంది, పోస్టు మనిషి పెట్టెని గుమ్మంలో తడిసేలా పడేసి పోయాడు. ఇంకా చెప్పనా?"

ఆయన చెప్పిన అంకెలన్నీ సరైనవే. కెర్రీకి అవి తన ఫోను నంబరులా తెలుసు.

"సరే, మర్చిపోలేదు" అంది. "మరి మర్చిపోని మనిషి ఎందుకు బిగించలేదు?"

ట్రెవర్ టీ కప్పు అందుకున్నాడు. ఎడం చేత్తో అందుకున్నాడు. ఈ ఇంట్లో ఎడం చేతివాటం డోరీన్‌ది, ఆయనది కాదు. పొద్దున్నుంచీ చూసినవి కెర్రీకి ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. కిందికి దూరనన్నాడు. స్పానరు ఎడం చేత్తో తిప్పాడు. కుడి చెయ్యి పొట్టకి ఆనించుకునే ఉన్నాడు.

"నాన్నా, కుడి చెయ్యి పైకెత్తు."

"ఎందుకు?"

"ఊరికే. తల దాకా ఎత్తు."

ఎత్తాడు. చెయ్యి రొమ్ము దాకా వచ్చి అక్కడ ఆగిపోయింది. ఇంకో అంగుళం ఎత్తబోయి పెదవి కొరుక్కున్నాడు. నుదుటి మీద చెమట పట్టింది.

"అందుకా" అంది డోరీన్. "అందుకేనా రెండు నెలలుగా స్వెట్టరు ముట్టుకోకుండా బొత్తాల చొక్కాలే వేస్తున్నావు? చలిగా లేదూ అంటే ఏమన్నావు? ఈ ఏడు చలి తక్కువన్నావు."

ట్రెవర్ తిరగేసిన పెట్టె మీద కూర్చున్నాడు. కప్పు రెండు మోకాళ్ళ మధ్య పెట్టుకున్నాడు. చెప్పడం మొదలెట్టాక ఆపలేదు.

"బుష్‌లు వేసినప్పుడు నట్లు ఊరికే తగిలించి వదిలెయ్యాలి. చక్రాల మీద బరువు పడ్డాకే గట్టిగా లాగాలి, లేకపోతే రబ్బరు మెలిపడి చిరుగుతుంది. అలాగే చేశాను. దిమ్మల మీదికి దించి, కుడి వైపు మొదలెట్టాను. వెల్లకిలా పడుకుని లాగడమంటే తెలుసుగా. ఆఖరి నట్టు టిక్కుమంది, దాంతోపాటు భుజంలో కూడా ఏదో టిక్కుమంది. చెయ్యి చచ్చుబడినట్టైంది. బయటికి రావడానికే పావుగంట పట్టింది."

"నేను ఇంట్లోనే ఉన్నాను గదా" అంది డోరీన్.

"ఉన్నావు. అప్పటికి నువ్వే కర్ర పట్టుకుని నడుస్తున్నావు. ఏమని పిలవను?" ఆయన కప్పులోకే చూస్తూ చెప్పాడు. "కుడి వైపు గీతలు గియ్యాలి కదా, బయటికి రాకముందే ఎడం చేత్తో మెల్లగా గీశాను. డబ్బా మూత తీసే ఉంది. మళ్ళీ ఇంకోసారి కిందికి దూరగలనో లేదో తెలీదు. ఎడమ వైపు కూడా గీసేశాను. రేపు పొద్దున లేవగానే బిగిద్దామనుకున్నాను. పొద్దున చూస్తే భుజం ఇంత వాచింది. వారం ఆగాను. ఇంకో వారం ఆగాను. ఆ తర్వాత ఒక రోజు వంగి చూస్తే గీతలున్నాయి. శుభ్రంగా, నిటారుగా ఉన్నాయి. గీత ఉంటే అయిపోయినట్టేగా. ఇరవై రెండేళ్ళుగా అంతేగా. నేనే గీశాను, నేనే నమ్మాను."

కెర్రీ ఎదురుగా నేల మీద చతికిలబడింది. కోపం పోలేదు గానీ అది ఎవరి మీద పెట్టుకోవాలో తెలీలేదు.

"నాకు ఫోను చెయ్యొచ్చుగా. పదహారు మైళ్ళే. అరగంటలో వచ్చేదాన్ని."

"వచ్చేదానివి. వచ్చి బిగించేదానివి. అది నాకు తెలుసు." ఆయన తల ఎత్తాడు. "తర్వాతి వారం కూడా నువ్వే వచ్చి బిగించేదానివి. ఆ తర్వాత మొత్తం నువ్వే. అప్పుడిక నేను ఇందులో ఎందుకు? టీ కాయడానికా?"

"నువ్వు టీ కూడా కాయలేవు" అంది డోరీన్.

ఎవరికీ నవ్వు రాలేదు. ట్రెవర్ చూపు సీటు కింద తాను కోసి పెట్టిన అల్యూమినియం దిమ్మల మీదికి వెళ్ళింది. ఎంత నున్నగా కోశాడో. డోరీన్ కాలికి గుచ్చుకుంటాయేమోనని అంచులన్నీ ఆకురాయితో గుండ్రంగా రుద్దాడు కూడా. ఆ దిమ్మలకి జానెడు వెనకే ఆ చక్రం.

"ఎడమ వైపు" అన్నాడు. "నేను కుడి వైపు కూర్చుంటాను. నా వైపు బిగించుకున్నాను. డోరీన్, నీ వైపు వదిలేశాను."

డెబ్బై రెండేళ్ళ మనిషి, నలభై ఏళ్ళు ఇనుముతో కాపురం చేసిన మనిషి, పెట్టె మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాడు. కెర్రీ ఆయన్ని అలా చూడటం అదే మొదటిసారి. రెగ్గీ పెదనాన్న పోయినప్పుడు కూడా ఆయన ఇలా ఏడవలేదు. ఆమె దగ్గరికి జరిగి, మసి చేతులతోనే ఆయన మోకాలు పట్టుకుంది. డోరీన్ కర్రని బల్లకి ఆనించి, భర్త నొప్పి లేని భుజం మీద చెయ్యి వేసి నిలబడింది. రెగ్గీ జబ్బు కాదని తెలిసినందుకు ఆమె లోపల్లోపల దేవుడికి దండం పెట్టుకుంటోంది. కానీ ఆ మాట పైకి చెప్పే సమయం అది కాదు.

"సోమవారం డాక్టరు దగ్గరికి" అంది. "ఈసారి మీద పడ్డావంటే ఈ కర్రతో ఒకటిస్తాను."

"సరే" అన్నాడు ట్రెవర్. వాదించలేదు.

సీటు దిమ్మలు బిగించాక, మధ్యాహ్నం దాకా నట్ల పని చేశారు. కెర్రీ ఎడమ వైపు ఆరు నట్ల మీదా రంగు గీకేసింది. ట్రెవర్ స్టూలు మీద కూర్చుని అంకెలు చెప్తుంటే ఆమె కింద పడుకుని లాగింది. అరవై. టిక్. అరవై. టిక్. ఒక నట్టు దగ్గర ఆయన "ఆగు, మోచెయ్యి నేలకి ఆనించి లాగు, లేకపోతే నీ భుజం కూడా నాలాగే అవుతుంది" అన్నాడు. కెర్రీకి ఆ కిటుకు ఇన్నేళ్ళలో ఎవరూ చెప్పలేదు. ఆరూ అయ్యాక ఆయన మూత తీసి రంగు డబ్బా కిందికి జరిపాడు. గీతలు ఆమే గీసింది. తండ్రి గీసినంత నిటారుగా రాలేదు. ఆయన వంగి చూసి, సరేనన్నట్టు తలూపాడు. సాయంత్రం కెర్రీ ఒక్కతే బండి తీసి ఊరి చుట్టూ ఇరవై మైళ్ళు తిప్పి తెచ్చింది. దిగి మళ్ళీ చూసింది. గీతలన్నీ చెక్కుచెదరకుండా ఉన్నాయి.

మిగిలింది రేపటి సంగతి. ఆ బండికి స్టీరింగు తిప్పడంలో ఏ సాయమూ ఉండదు, మలుపు తిరగాలంటే భుజబలమే. ఈ చేత్తో ఆయన నడపలేడని ముగ్గురికీ తెలుసు. ఆ మాట ముందుగా ట్రెవరే అన్నాడు.

"నువ్వు నడుపు కెర్రీ."

"మరి అమ్మ నా పక్కనా?"

"మీ అమ్మ తన కారులో వస్తుంది. ఈ వైపు నేను కూర్చుంటాను. నేను వదిలేసిన వైపు మొదట నేనే కూర్చోవాలి."

డోరీన్ వెళ్ళి ఆయన టోపీ తెచ్చి బల్ల మీద పెట్టింది.

ఆదివారం ఎండ వచ్చింది గానీ మార్చి ఎండకి వేడెక్కడిది. తూర్పు నుంచి సముద్రపు గాలి కొడుతోంది. డోరీన్ ముందే బయల్దేరి, సట్టన్‌లో సముద్రపు గోడ పక్కన కారు ఆపుకుని, వేడి చిప్స్ కొని, వెనిగరు చల్లించుకుని, లోపలే వెచ్చగా కూర్చుంది. పది నిమిషాలకి బండి వచ్చి పక్కన ఆగింది. కెర్రీ ఒక్క గెంతులో దిగింది. ఎడమ వైపు నుంచి ట్రెవర్ లేవడానికి చాలాసేపు పట్టింది. టోపీ ఎక్కడో ఎగిరిపోయింది, ఉన్న నాలుగు వెంట్రుకలూ నిక్కబొడుచుకున్నాయి, మొహం కందగడ్డలా అయింది. కర్ర సాయంతో దిగి తన వైపు వచ్చిన భార్యని ఆయన కొత్త మనిషిని చూసినట్టు చూశాడు.

"డోరీన్, ఈ పక్క గాలి ఇలా కొడుతుందా?"

"ఎలా?"

"మొహం మీద. ఊపిరాడకుండా. ముందున్న కాస్త అద్దం దేనికీ అడ్డు రావట్లేదు. ముందు చక్రం విసిరే కంకరంతా మోచేతికే తగుల్తోంది. సైలెన్సరు వేడికి పిక్క మాడిపోయింది."

"కోటు మడిచి కాలికీ వేడికీ మధ్యలో పెట్టుకోవాలి" అంది డోరీన్. "కంకర సంగతి వదిలెయ్. మే నెలలో పురుగులొస్తాయి. నోరు మూసుకుని కూర్చోవాలి."

"పందొమ్మిదేళ్ళూ ఇలాగేనా?"

"ఇలాగే."

"ఒక్కసారైనా చెప్పొచ్చుగా."

"నీ భుజం సంగతి నువ్వు నాకు చెప్పావా?"

ట్రెవర్ గోడ మీద చేతులు ఆనించి సముద్రం వైపు తిరిగాడు. కళ్ళు తడిగా ఉంటే గాలి వల్ల అనుకోమన్నట్టు తుడుచుకున్నాడు. డోరీన్ చిప్స్ పొట్లం ఆయన ఎడమ చేతి వైపు పెట్టింది. కెర్రీ బండి చుట్టూ తిరుగుతూ, వంగి గీతలు చూస్తున్నట్టు నటిస్తూ, అంతా వింటోంది.

"మరి ఎందుకు వచ్చేదానివి?" అని అడిగాడు కాసేపటికి. "తుంటి నొప్పి మొదలయ్యాక కూడా వచ్చావు. నేనేమైనా బలవంతం చేశానా?"

డోరీన్ దగ్గర జవాబు ఉంది. ఇన్నేళ్ళూ దాచుకున్నది కాదు, చెప్పే సందర్భం రానిది.

"నువ్వు పాడతావు" అంది. "లౌత్ దాటగానే మొదలెడతావు, సట్టన్ దాకా పాడుతూనే ఉంటావు. ఇంజను చప్పుడులో ఎవరికీ వినబడదనుకుంటావు. ఆ పక్క సీట్లో కూర్చుంటే వినిపిస్తుంది. ఇంట్లో ఒక్కనాడైనా పాడావా? పెళ్ళికి ముందు డాన్సు హాల్లో పాడేవాడివి. ఆ గొంతు మళ్ళీ అక్కడే వింటున్నాను. దానికి కంకర దెబ్బలు ఓ లెక్కా?"

ట్రెవర్ నోట్లో చిప్స్ అలాగే ఉండిపోయాయి. తాను పాడతానన్న సంగతి నిజంగా ఆయనకే తెలీదు.

"ఇవాళ పాడాడా?" అని డోరీన్ కూతుర్ని అడిగింది.

"లేదమ్మా. మలుపు మలుపుకీ గేరు మార్చు, గేరు మార్చు అని అరిచాడు."

ఈసారి ముగ్గురూ నవ్వారు. నవ్వుతూనే ట్రెవర్ భార్య చెయ్యి పట్టుకున్నాడు, చాలాసేపు వదల్లేదు.

తిరుగు ప్రయాణంలో ఆయన డోరీన్ కారెక్కాడు. తలుపులూ కప్పూ ఉన్న ఆ చిన్న కారులో ఆయన ఏనాడూ ఎక్కువ దూరం కూర్చోలేదు, మోకాళ్ళు డాష్‌బోర్డుకి తగులుతున్నాయి. రేడియో సన్నగా మోగుతోంది. ముందు కెర్రీ ఒక్కతే బండిని పొలాల మధ్య రోడ్డు మీద తోలుకుంటూ వెళ్తోంది. మలుపుల్లో ఆయన చూపంతా దాని ఎడమ వెనక చక్రం మీదే ఉంది. అది ఏ వంకా లేకుండా తిరుగుతోంది. మూడు మైళ్ళు పోయాక ఆయన వీపు సీటుకి ఆనించాడు. ఇంకో మైలు పోయాక చూపు రోడ్డు మీద నుంచి పొలాల మీదికి మళ్ళింది. తర్వాత నెమ్మదిగా, పాట మధ్యలోంచి అందుకున్నట్టు, ఏదో పాత డాన్సు పాట కూనిరాగం తియ్యడం మొదలెట్టాడు.

డోరీన్ చెయ్యి చాపి రేడియో కట్టేసింది.